తొందరపడని గొంతు

పళ్ళ డాక్టరు గారి ఇంట్లో నెలకొక ఆదివారం సాయంత్రం కూడే ఆ బృందానికి పేరు లేదు, అధ్యక్షుడు లేడు. ఉన్నవి రెండే నియమాలు. ఒకరు తెచ్చిన గ్రామఫోను రికార్డును మొదటి నుంచి చివరిదాకా వినాలి. ముల్లు పైకి లేచేంతవరకు ఎవరూ నోరు విప్పరాదు. విన్న తరువాత ఆ రికార్డును గుమ్మం పక్కనున్న ముక్కాలిపీట మీద పెడతారు. నచ్చినవారు దానిని తమ ఇంటికి తీసుకుపోయి మరుసటి నెల తిరిగి తెస్తారు. బాగున్నదనీ, బాగాలేదనీ ఎవరూ అనరు. పీట ఖాళీ అయితే తెచ్చినవారికి అదే సన్మానం. కాకపోతే తమ రికార్డును తామే చంకన పెట్టుకుని మెట్లు దిగాలి. అలా దిగిన కొత్తవారెవరూ మళ్ళీ ఆ మెట్లు ఎక్కలేదట.

ఈ చివరి సంగతి మా బావమరిది నాకు ఆ సాయంత్రం, చెప్పులు తొడుక్కుంటుండగా చెప్పాడు. మందుల షాపు నడిపేవాడు. ఏది ఎప్పుడు ఇవ్వాలో తెలిసి ఉండవలసినవాడు.

"ముందే చెప్పొద్దుటోయ్?" అన్నాను.

"చెప్తే మీరు గడప దాటేవారా, బావా?"

దాటకపోయేవాణ్ణే. నేను తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నంతకాలం నన్ను చూడగానే దుకాణదారులు మాటలు ఆపేవారు; రిటైరైన తరువాత ఆపడానికైనా మాట్లాడేవారు లేకపోయారు. నా భార్యకు సంగీతమూ కుక్కరు కూతా ఒకటే. నాకు నచ్చినదాన్ని నా పక్కన కూర్చుని వినే మనిషి ఒక్కరైనా ఉండాలన్న కోరిక ఈ వయసులో పైకి చెప్పుకోదగినది కాదు కనుక, ఎవరికీ చెప్పలేదు. అటువంటి మనుషులు నాకు ఆ ఒక్క గదిలోనే కనిపించారు.

పోయిన నెల అతిథిగా వెళ్ళినప్పుడు టీ తాగుతూ నా రికార్డును గురించి కొంచెం ఎక్కువగానే మాట్లాడాను. ఒక స్త్రీ గొంతు, ఒక వయొలిన్, అంతే. "ఆవిడ తొందరపడదండీ," అన్నాను. "ఒక స్వరం దగ్గర నిలబడిందంటే, ఇక వెళ్ళవలసిన పనేమీ లేనట్టు నిలబడుతుంది." ఎదుటి వీధిలో బట్టలు కుట్టే టైలరమ్మ కప్పు కింద పెట్టి, "అయితే నెల్లాళ్ళు ఆగాలా?" అన్నది. ఆ ఒక్క మాటను నెలంతా లోపల మోశాను.

ఇప్పుడు అదే కుర్చీలో ఆమె కళ్ళు మూసుకుని కూర్చున్నది. కింది క్లినిక్కు నుంచి లవంగనూనె వాసన వస్తున్నది. డాక్టరుగారు రికార్డును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, పసిబిడ్డను పడుకోబెట్టినట్లు పళ్ళెం మీద పెట్టి, ముల్లు దించారు.

గొంతు వినిపించగానే కుర్చీలో ముందుకు వంగాను. అది ఆవిడ గొంతే, కాని ఆవిడ కాదు. సన్నగా, పడుచుగా, బస్సు కదిలిపోతుందన్నట్లు పాడుతున్నది. వయొలిన్ ఆమె కొంగు పట్టుకుని వెంట పరుగెత్తుతున్నది. మొదటి పాటలో ఒకచోట ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంటుంది. మా ఇంట్లో నేను ఆ ఊపిరి కోసమే కాచుకుని కూర్చుంటాను. ఇక్కడ అది వచ్చిందీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు.

ముఖాలు చూశాను. డాక్టరుగారు పైకప్పును పరీక్షిస్తున్నారు. బావమరిది ఆవలింతను ముక్కులోంచి పంపించాడు. టైలరమ్మ కళ్ళు తెరిచి, నా వైపు ఒక్కసారి చూసి, మళ్ళీ మూసుకున్నది. ఆ చూపును భరించడం నాకు సాధ్యం కాలేదు.

"డాక్టరుగారూ, ఈ యంత్రం తప్పు. ఎక్కువ వేగంతో తిరుగుతున్నది."

తక్కెళ్ళను జప్తు చేసే రోజుల నాటి స్వరం అది. నాకు తెలియకుండానే వచ్చింది. నియమం తప్పానన్న సంగతి అన్న తరువాత గాని తెలియలేదు. డాక్టరుగారు ముల్లు ఎత్తి, పళ్ళెం అంచు దగ్గరి చిన్న దీపం వెలిగించారు.

"ఇటు రండి సార్. ఈ వెలుగులో పళ్ళెం అంచు మీది చుక్కలు ముందుకు జారినట్లు కనిపిస్తే వేగం ఎక్కువ, వెనక్కి జారితే తక్కువ. ఎటు జారుతున్నాయో మీరే చెప్పండి."

వంగి చూశాను. పళ్ళెం తిరుగుతున్నా చుక్కలు మేకులు కొట్టినట్లు నిలబడి ఉన్నాయి.

"మీ శాఖవాళ్ళు వచ్చినా ముద్ర వేసి పోతారు," అన్నారాయన.

"బావా," అన్నాడు బావమరిది, "మీ ఇంట్లో ప్లేయరుకి పళ్ళెం తిప్పే బెల్టు ఎప్పుడు మార్చారు?"

"మార్చవలసిన అవసరం ఏనాడూ కలగలేదు."

"బాగుంది! ఊళ్ళో తక్కెళ్ళన్నీ తనిఖీ చేశారు, ఇంట్లో దాన్ని మాత్రం వదిలేశారు. పాపం, సాగిపోయి ఈడుస్తూ తిరుగుతోంది. పైగా ఎక్కడ పాట విన్నా 'ఈ కాలంవాళ్ళకి పరుగెక్కువ' అని తిట్టడం!"

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. డాక్టరుగారు మళ్ళీ ముల్లు దించి ఆ వైపు పూర్తిచేసి, రెండవవైపు తిప్పారు. అది ముగిసేంతవరకు నా చూపు ముక్కాలిపీట మీదనే ఉన్నది. ఇన్నేళ్ళుగా నేను విన్నది ఎవరిని? అటువంటి గాయని అసలు లేదనుకుంటే, ఈ మనుషులకు నేను ఇవ్వగలిగినది ఏమున్నది?

రికార్డు పీట మీదికి చేరింది. చెప్పుల చప్పుడు మొదలైంది. బావమరిది గొడుగు తీసుకున్నాడు. డాక్టరుగారు కిటికీలు మూశారు. పీట వైపు ఒక్క చెయ్యీ సాగలేదు. ఇక ఆలస్యం చేస్తే ఎదురుచూస్తున్నానని తెలిసిపోతుందని, నేనే తీసి చంకన పెట్టుకుని మొదటి మెట్టు దిగాను.

"ఆగండి సార్," అన్నది వెనుక నుంచి టైలరమ్మ. "మీరు పోయిన నెల చెప్పినావిడ ఈవిడ కాదు కదా?"

"కాదు," అన్నాను.

"మరి ఆవిడ మీ ఇంట్లోనే ఉంది. మాకు ఆవిణ్ణి వినిపించండి. వచ్చే నెల మీ ఇంటికి వస్తాం."

"నేను కుర్చీ తెచ్చుకుంటాను," అన్నారు డాక్టరుగారు. "ఆ బెల్టు జోలికి మాత్రం పోకండి."

"ఇంట్లో ఇంకో ఆవిడ ఉందని మా అక్కకి తెలుసా?" అన్నాడు బావమరిది.

ఇంటికి రాగానే దీపం దగ్గరగా పెట్టుకుని ప్లేయరు మూత తీశాను. బెల్టు నల్లగా, వదులుగా వేలాడుతున్నది. వేలితో తడిమితే ఒకచోట గోరు దిగేటంత పగులు. ఎన్ని పాటలకు ఆగుతుంది? నెల్లాళ్ళ పాటు ముట్టుకోకుండా ఉంచితే రబ్బరు బిగుసుకుపోదా? ముట్టుకుంటే తెగిపోదా? ఫోన్ మోగింది. "బావా, కొత్త బెల్టొకటి దగ్గర పెట్టుకోండి, ఎందుకైనా మంచిది," అన్నాడు బావమరిది. "తెచ్చావంటే గుమ్మం తొక్కనివ్వను," అని పెట్టేశాను.

"ఎవరైనా తీసుకున్నారా?" అన్నది నా భార్య వంటింట్లోంచి.

"లేదు. వాళ్ళే వస్తారట, వినడానికి."

"మనింటికా?" ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్నూ ప్లేయరునూ మార్చి మార్చి చూసింది. "అయితే దీనికి పట్టిన దుమ్ము చూశారా? జరగండి, నేను దులుపుతాను."

బట్ట పళ్ళేన్ని తాకేలోగా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాను.