మూడో అంకంలో పసిబిడ్డ వాసన

రౌటెన్‌బెర్గ్ గారి వంటమనిషి రోజూ పొద్దున్నే ఎమ్మెరిక్ వాళ్ళ మేడమెట్లెక్కి, తలుపు సందులోంచి తల లోపలికి పెట్టి, ఇవాళ వంటేమిటని అడిగి పోయేది. ఎమ్మెరిక్ భార్య వాల్‌బుర్గా క్యాబేజీ చారంటే అక్కడా క్యాబేజీ చారే. ఉల్లిపాయల రొట్టె అంటే అక్కడా అదే. ఆస్థాన సంగీతాధిపతి అంతటివాడు, వెనక వరసలో వయోలా వాయించే ఎమ్మెరిక్ ఇంటి వంటే ఎందుకు వండించుకుంటాడో తోటి వాద్యగాళ్ళందరికీ తెలుసు. పైకి అనేవాళ్ళు లేరు.

ఆ ఊళ్ళో ఒక పాటలో ఏ వాద్యం ఏం వాయించాలో ఎవరు రాసి పంచితే, ఆ సంగీతంలోంచి వాళ్ళింటి వాసన వచ్చేది. కాగితం మార్చినా చేతిరాత మార్చినా పోయేది కాదు. వాన పడితే మట్టి వాసన రాదూ, అలాగే.

రౌటెన్‌బెర్గ్ గారికి పియానో ముందు కూర్చుంటే పాట పుట్టేది. మంచి పాటే, ఆ మాట ఒప్పుకోవాలి. దాన్ని వయొలిన్లు ఎక్కడ అందుకోవాలో, బూరలు ఎక్కడ ఊరుకోవాలో ఆలోచించడమంటే మాత్రం ఆయనకు మహా విసుగు. పియానోకు సరిపడా రెండు వరసలు గీకి ఎమ్మెరిక్‌కు పంపేసేవాడు. ఎమ్మెరిక్ దాన్ని వాద్యబృందమంతటికీ పంచిపెట్టేవాడు. ఆ ప్రతిని రౌటెన్‌బెర్గ్ గారు తన చేత్తో తిరగరాసుకుని, అసలుదాన్ని పొయ్యిలో పడేసేవాడు. అచ్చులో పడేది ఆయన పేరొక్కటే. వాసన కూడా కుదరాలి కదా, అందుకే వంటమనిషికి ఆ మెట్ల తిప్పలు.

ఆ చలికాలంలో ఎమ్మెరిక్ దంపతులకు ఆడపిల్ల పుట్టింది. ఓటిలీ అని పేరు పెట్టారు. ఉన్నది ఒక్క గది, ఒక్క పొయ్యి. పొయ్యి పక్కన రాతబల్ల, దాని మీదుగా కట్టిన తాడుకు పొత్తిగుడ్డలు. ఎమ్మెరిక్ రాసుకుంటుంటే నెత్తిన బొట్లు పడేవి.

సరిగ్గా అప్పుడే పక్క సంస్థానంలో వాద్యబృందాన్ని నడిపే ఉద్యోగం ఖాళీ అయింది. దాంతోపాటు రెండు గదుల ఇల్లూ, పెరడూ. ఎమ్మెరిక్ వెళ్ళి అడిగితే వాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. నీ పేరు ఏ సంగీతం మీదైనా ఉందా అన్నారు. లేదు. ఉంటే రమ్మన్నారు.

ఎమ్మెరిక్ రౌటెన్‌బెర్గ్ గారి దగ్గరికి పోయి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. రాబోయే సంగీత నాటకం మీద తన పేరు కూడా, అడుగున, ఎంత చిన్న అక్షరాల్లోనైనా సరే వేయించమన్నాడు. ఆయన నశ్యం ఒక పట్టు పీల్చి, తీరిగ్గా తుమ్మి, "ముందు నాటకం కానీవోయ్, చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం సంగతి ఎమ్మెరిక్‌కు బాగా తెలుసు. ఇంటికొచ్చి మొహం వేలాడేసుకుని మూడో అంకం ముందేసుకున్నాడు.

"వాల్‌బుర్గా, ఈ గుడ్డలు కాస్త అటు కట్టకూడదూ? వాసన పాటలోకి పోతుంది."

"అటు ఎటు? కిటికీ అవతలా? అసలే సబ్బు అయిపోయింది, ఉత్త నీళ్ళలో జాడిస్తున్నాను. నీ పని నువ్వు చూసుకో."

మర్నాడు వచ్చిన వంటమనిషి తాడుకేసి చూసింది, ముక్కు ఎగబీల్చింది. వాల్‌బుర్గా క్యాబేజీ చారంది. "సరేనమ్మా. నన్ను వంట ఒక్కటే కనుక్కోమన్నారు" అని దిగి వెళ్ళిపోయింది.

రౌటెన్‌బెర్గ్ గారి ముక్కు నశ్యం దెబ్బకు ఎప్పుడో చచ్చిపోయింది. సాధన రోజుల్లో వాద్యగాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వాపుకున్నారేగానీ ఒక్కడూ నోరు విప్పలేదు. ఎమ్మెరిక్ పాపం, ఆ వాసన తన కోటుదే అనుకున్నాడు.

ప్రదర్శన నాడు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో బారోనెస్ హెడ్విగ్ కూర్చుంది. భర్త పోయాక ఇన్నాళ్ళకు ఆమె మళ్ళీ పెళ్ళి మాట ఎత్తనిచ్చిందంటే అది రౌటెన్‌బెర్గ్ గారికే. సంగీతం తప్ప మరో తోడు ఎరగని బ్రహ్మచారినని ఆయన చెప్పుకుంటే నమ్మింది. జవాబు నాటకం అయ్యాక చెబుతానంది. రెండో వరసలో పక్క సంస్థానం అధికారి ఉన్నాడు.

మొదటి రెండు అంకాలూ క్యాబేజీ చారుతో, ఉల్లి రొట్టెతో హాయిగా సాగిపోయాయి. మూడో అంకంలో నాయిక అడవిలో ప్రియుడి కోసం ఎదురుచూస్తుంటే వయొలిన్లు మెల్లగా అందుకున్నాయి. హాలంతా కక్కిన పాలు, సోంపు నీళ్ళు, తడి పొత్తిగుడ్డల వాసన. ఒక ముసలావిడ తనకు తెలీకుండానే ఒళ్ళో సంచిని జోకొట్టడం మొదలుపెట్టింది. మగవాళ్ళు దగ్గారు. ఆడవాళ్ళు బారోనెస్‌ వైపు చూశారు.

అంకం ముగిసీ ముగియగానే ఆమె లేచి వేదిక దగ్గరికి వచ్చింది.

"రౌటెన్‌బెర్గ్ గారూ, మీ ఇంట్లో పసిబిడ్డ ఎప్పటినుంచి ఉంది?"

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో నెత్తురు చుక్క లేదు. హాలంతా చెవులు రిక్కించింది. ఆయన ఆమెను చూశాడు, చేతిలో తాళం వేసే పుల్లను చూశాడు, వెనక వరసలో నక్కిన వయోలాను చూశాడు.

"ఆ బిడ్డ నాది కాదు. ఎమ్మెరిక్‌ది. వాద్యాలకు పంచింది అతను."

"ఈ అంకమేనా?"

"అన్నీ."

"పోయినేటి సింఫనీ?"

"అదీ అతనే." ఆయన గొంతు బాగా తగ్గిపోయింది. "పాట మాత్రం నాదే, హెడ్విగ్."

ఆమె "పాట బాగుంది" అని వెళ్ళి తన చోట కూర్చుంది. అప్పుడు ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఎమ్మెరిక్ లేచి నిలబడ్డాడు గానీ వయోలా కమానును ఏం చేయాలో తెలియక దాంతో తల గోక్కున్నాడు. రెండో వరసలోని అధికారి పక్కవాణ్ణి అడిగి ఆ పేరు మళ్ళీ చెప్పించుకున్నాడు.

మంచు కరగ్గానే పక్క సంస్థానానికి సామాను సర్దుకున్నారు. ట్రంకుపెట్టె అడుగున పాత కంబళి మడతలో ఎమ్మెరిక్ చేతికి గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే సబ్బు కడ్డీ, అంచు కూడా అరగలేదు.

"సబ్బు అయిపోయిందన్నావు?"

వాల్‌బుర్గా పాపను భుజం మార్చుకుంది.

"నువ్వు అడిగితే పేరు ఇవ్వలేదు కదయ్యా. పాపను అడగనిద్దామనుకున్నాను."