తలుపు దగ్గరి బల్ల

లెన్హార్ట్ ప్రైసిగ్ మేస్త్రీ ఆపెన్‌జెల్ కొండల చుట్టూ పదకొండు చర్చిలు కట్టాడు. నడుమ ఒక్క స్తంభం లేకుండా నాలుగు వందల మంది నెత్తిన కప్పు నిలబెట్టగలడు. అలాంటివాడు సొంత ఊళ్లో చర్చి కడుతూ, భార్యకు కూర్చోవడానికి ఒక్క మంచి చోటు ఇప్పించలేక నానా తంటాలు పడ్డాడు.

ఎల్స్‌బెత్‌కు చెవుడు. పాత చర్చిలో ఇంటికో బల్ల. ప్రైసిగ్ ఇంటివాళ్ల చోటేమో తాతల నాటి నుంచీ తలుపు పక్క మొదటి బల్ల. పాస్టరుగారి ప్రసంగ వేదిక ఎక్కడో అవతలి కొసన. ముప్పై ఏళ్లుగా ఆవిడ ప్రతి ఆదివారం వచ్చి, ఒక్క ముక్కా వినపడక, చలికి వణికి ఇంటికి పోతోంది. కన్ను మూసేలోగా ఒక్క ప్రసంగమైనా చెవిన పడాలి, మొగుణ్ణి ఆవిడ అడిగింది అదొక్కటే.

కొత్త చర్చి గురించి పెట్టిన ఊరి సభలో లెన్హార్ట్ లేచాడు. ఊరిపెద్ద ఒయిగ్‌స్టర్ బల్ల వేదిక కిందే ఉంది.

"మీ బల్ల సగం ఖాళీయే కదా పెద్దాయనా. మా ఆవిడకి ఇంత చోటివ్వండి."

"ఖాళీ అయినా మాదే. మీ తాత పక్క లోయ నుంచి ఆలస్యంగా వచ్చాడు, తలుపు దగ్గర కూర్చున్నాడు. నన్నేం చెయ్యమంటావ్? ఆవిడకి నువ్వే కొత్త చెవులు చెక్కిపెట్టు మేస్త్రీ!"

జనం ఘొల్లున నవ్వారు. కొత్త చర్చిలోనూ ఏ ఇంటి బల్లా పాత చోటి నుంచి జానెడు కూడా జరగకూడదని చేతులెత్తి తీర్మానించారు.

లెన్హార్ట్‌కు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి ఉలి విసిరికొట్టాడు.

"పనీ వద్దు, పాడూ వద్దు! పందులదొడ్డి కట్టుకోమను!"

"మీరు అరిస్తే నాకు బాగా వినిపిస్తుంది," జావ కలుపుతూ అంది ఎల్స్‌బెత్. "ఆ పాస్టరుగారు కూడా ఇలా తిడితే బాగుండు."

ఆ కోపంలోనే ఆయనకు ఆలోచన తట్టింది. బల్లలు జరగకూడదన్నారు, సరే. వేదిక మాట ఎవరూ ఎత్తలేదు. తలుపు పక్క గోడకే వేదిక గీసి నక్షా సభ ముందు పెట్టాడు. ఒక్కడూ సరిగా చూస్తేనా! ఎవరి బల్ల వాళ్లు వెతుక్కుని తలలూపేశారు.

రెండేళ్ల తర్వాత చర్చి తెరిచిన ఆదివారం ఒయిగ్‌స్టర్ వేదికకు అందరికన్నా దూరంగా పడ్డాడు. మొహం కందగడ్డ అయింది. తన కసి అంతా పాస్టరు చేతికిచ్చిన కాగితంలో తీర్చుకున్నాడు. మాను ఇచ్చినవాళ్లు, రాళ్లు మోసినవాళ్లు, జున్ను పంపినవాళ్లు, అందరికీ పాస్టరు పేరు పేరునా కృతజ్ఞతలు చదివాడు. కట్టినవాడి పేరు మాత్రం లేదు. ఆ కప్పు ఎక్కిస్తూ వేలు పోగొట్టుకున్న లెన్హార్ట్ పళ్లు కొరుకుతూ కూర్చున్నాడు.

ఎల్స్‌బెత్ లేచింది. చెవిటివాళ్ల గొంతు, చర్చంతా మోగింది.

"పాస్టరుగారూ! పేర్లన్నీ చక్కగా వినపడ్డాయి. మా ఆయన పేరొక్కటే వినపడలేదు. మళ్లీ చెబుతారా?"

పాస్టరు కాగితం వంక చూశాడు. దూరాన ఒయిగ్‌స్టర్ వంక చూశాడు.

"లెన్హార్ట్ ప్రైసిగ్," అన్నాడు మెల్లగా.

"ఆఁ?"

"లెన్హార్ట్ ప్రైసిగ్!"

ఆ కేక ఊరిపెద్ద వెనకున్న గోడ దాకా వెళ్లింది. ఎల్స్‌బెత్ కూర్చుని లంగా సర్దుకుంది.

"ఇక ప్రసంగం మొదలెట్టండి," అంది.