అడుగున చక్కెర

"నీ చేతులెప్పుడూ శవం చేతుల్లా చల్లగా ఉంటాయేంటే బ్లజేనా" అని మా ఆయన పెళ్ళయిన ఏడాది నుంచీ అంటూనే ఉన్నాడు. మొదట్లో ముద్దుగా అనేవాడు, తర్వాత విసుగ్గా అనేవాడు, ఇప్పుడు మేం నడిపే కొండ బస నిండా జనం ఉన్నప్పుడు నలుగురినీ నవ్వించడానికి అంటాడు. ఎందుకు చల్లగా ఉంటాయో మాత్రం ఒక్కసారీ అడగలేదు. నేను ఐదున్నరకి లేచి, పొయ్యి రాజేసి, రొట్టెల పిండి పొంగడానికి పెట్టి, పార భుజాన వేసుకుని బయటికి పోతాను. కొలకర్ర దగ్గర ఎంత మంచు పడిందో చూస్తాను. గాలి ఎటునుంచి వీచిందో చూస్తాను. మూడురోజులకోసారి వాలులో ఛాతీ లోతు గొయ్యి తవ్వి, చేతితొడుగులు తీసి, ఒక్కో పొరలోంచీ చిటికెడు మంచు వేళ్ళ మధ్య నలిపి చూస్తాను. మంచు గింజ తొడుగుల్లోంచి తెలియదు. ఆ చేతులతోనే వచ్చి మళ్ళీ పిండి పిసుకుతాను. ఇంక వేడెక్కడినుంచి వస్తుంది?

మంచు కొలిచే ఉద్యోగం కాగితాల మీద మా ఆయనది. భోజనాల గదిలో గడియారం పక్కన అద్దం కట్టించి వేలాడదీసిన పత్రం మీద వెండెలిన్ అని ఆయన పేరే ఉంటుంది. మొదటి నెల ఆయనే కొలిచాడు. తర్వాత మోకాలు నొప్పి వచ్చింది. "నువ్వెలాగూ రొట్టెలకి లేస్తావుగా, పోతూ పోతూ ఆ కర్ర కూడా చూసి రాసెయ్" అన్నాడు. కర్ర చూడడం కాస్తా గొయ్యి తవ్వడం దాకా వచ్చింది, అలా పద్నాలుగు చలికాలాలు గడిచాయి. నెల మొదట్లో ఆయన మంచు లెక్కల పుస్తకంలో ముప్ఫై గళ్ళలోనూ ఒకేసారి సంతకాలు పెట్టేస్తాడు. రోజుకొక గడి నేను నింపుతాను. టిఫిన్ల దగ్గర అతిథులు చుట్టూ చేరితే, పొద్దున నేను పొయ్యి దగ్గర చెప్పిందంతా అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఆయన పంచిపెడతాడు. వెండెలిన్ వాసన చూసి మంచు జాతకం చెప్పేస్తాడని టాట్రా కొండలన్నిటా పేరు. అబద్ధం ఎందుకు, ఆ పేరు విని నేనూ మురిసిపోయేదాన్ని. మా ఆయన పేరే కదా అనుకునేదాన్ని.

నాకు మంచు ఎవరూ నేర్పలేదు. గొయ్యే నేర్పింది. నిలువుగా కోసిన గోడ మీద చలికాలమంతా పొరలుగా కనిపిస్తుంది, ఏ పొర ఏ వారం పడిందో చూడగానే గుర్తొస్తుంది. నవంబరులో పల్చగా కురిసి, ఆ పైన వారాల తరబడి మబ్బు లేని చలి పట్టిందంటే, ఆ మంచు పట్టు వదిలేస్తుంది. గుప్పిట్లోకి తీసుకుంటే ఉండ కట్టదు, వేళ్ళ సందుల్లోంచి జలజలా రాలిపోతుంది. దాన్ని మా కొండల్లో చక్కెర అంటారు. స్కీల వాళ్ళూ అంటారు, కొండ రక్షక దళం వాళ్ళూ అంటారు. ఆ చక్కెర మీద గాలి తెచ్చి పరిచిన మంచు పైకి ఎంత గట్టిగా కనిపించినా నమ్మకూడదు. మనిషి బరువు పడితే పెళ్ళ మొత్తం విరిగి కిందికి పోతుంది. మా ఆయన రేడియోలో "అడుగున చక్కెర" అంటే లోయలో అందరి వెన్నూ నిటారుగా అయ్యేది. నా నోట అదే మాట ఏమవుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా బసకి ఫోను అందదు. ఉదయం ఏడింటికి రేడియోలో లోయతో మాట్లాడతాం. ముందు మంచు లెక్కలు, తర్వాత వంటింటికి కావలసిన సరుకులు. అవతల రేడియో చూసే ఇమ్రిఖ్ ఉంటాడు. మంచివాడు, నన్ను వదినా అని పిలుస్తాడు. మేం చెప్పిన మంచు సంగతులు హెచ్చరికలు రాసే ఆఫీసుకి అందిస్తాడు, సరుకుల సంగతి మోతగాడు గేజాకి చెబుతాడు. గేజా నలభై, యాభై కిలోలు కర్రచట్రం మీద కట్టుకుని మూడు గంటలు ఎక్కి తెస్తాడు. నా గొంతు వినగానే ఇమ్రిఖ్ "చెప్పు వదినా, ఏం కావాలి?" అంటాడు. పద్నాలుగేళ్ళుగా నేను "ముందు మంచు రాసుకో ఇమ్రిఖ్" అంటూనే ఉన్నాను. అతను నవ్వుతూ సారీ చెబుతూనే ఉన్నాడు.

ఆ ఫిబ్రవరిలో రెండు రోజులు ఏకధాటిగా గాలి వీచింది. శుక్రవారం పొద్దున నేను ఉత్తరపు లోయ అంచున గొయ్యి తవ్వాను. మంచు దిమ్మని మూడు పక్కలా కోసి, పైన పార పెట్టి, చేత్తో తట్టి చూస్తాం, ఎన్ని దెబ్బలకి విరుగుతుందో అని. గట్టి మంచైతే ముప్ఫైకీ కదలదు. పదకొండో దెబ్బకి దిమ్మ సొరుగు లాగినట్టు బయటికి జారింది. అడుగున నలభై సెంటీమీటర్ల చక్కెర. తిరిగి వస్తుంటే కాళ్ళ కింద ఒకచోట మంచంతా ఒక్కసారి ధబ్బుమని కుంగింది. అడుగు చక్కెర నా ఒక్కదాని బరువుకే కూలింది.

మా ఆయన స్కీల గదిలో బెంచీలు సర్దుతున్నాడు. చెప్పాను.

"ఇవాళ సాయంత్రానికి పద్దెనిమిది మంది వస్తున్నారే. నీ పిరికితనం వాళ్ళకి అంటించకు."

"పిరికితనం కాదు. పదకొండుకే పోయింది."

"సరేలే, రేడియోలో చెప్పావుగా ఇంక. అది చూసుకోడానికి ఆఫీసుంది. మనమెందుకు ఊరికే?"

రేడియోలో అప్పటికింకా చెప్పలేదు. వెళ్ళి చెప్పాను. గాలికి చెవులు పగిలే గరగర. కర్ర లెక్క చెప్పాను, చలి ఎంతో చెప్పాను, ఇమ్రిఖ్ అవి తిరిగి చదివాడు. తర్వాత "అడుగున చక్కెర, నలభై! ఏం బాగాలేదు ఇమ్రిఖ్, అస్సలు బాగాలేదు!" అని అరిచాను. అవతలనుంచి ఏవేవో ముక్కలు, చివర్న "సరే వదినా, సరే" అన్నది మాత్రం వినిపించింది. నా గుండె మీద బరువు దిగింది. చెప్పాల్సిన చోట చెప్పేశాను కదా అని సూపుకి పుల్ల క్యాబేజీ తరగడానికి కూర్చున్నాను.

శనివారం పొద్దున రేడియోలో హెచ్చరిక వచ్చింది. ఐదు మెట్లలో రెండో మెట్టు, అంటే పెద్ద ప్రమాదమేం లేదని. నాలుగో మెట్టు వస్తుందనుకున్నాను. ఆ తర్వాత నా బుర్రలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. చదువుకున్నవాళ్ళు, పది చోట్లనుంచి లెక్కలు తెప్పించుకుని చూసేవాళ్ళు, వాళ్ళకి తెలియనిది నాకేం తెలుసులే అనుకున్నాను. నా వేళ్ళ మధ్యనుంచి రాలిన మంచుని నేనే నమ్మలేదు.

డొరోటా ముగ్గురు స్నేహితులతో కిటికీ దగ్గర కూర్చుంది. పళ్ళ డాక్టరు, ఇరవై తొమ్మిదేళ్ళు. నాలుగేళ్ళుగా వస్తోంది. కిందటేడు నాతోపాటు లేచి వచ్చి, గొయ్యిలో దిగి, "పిన్నీ, ఇదంతా నువ్వే చూస్తావా! కింద అందరూ మా బాబాయి గొప్పతనం అనుకుంటున్నారు" అని పకపకా నవ్వింది. ఆ మాట అన్న మనిషి అదొక్కతే.

"బాబాయ్, ఉత్తరపు లోయ ఎలా ఉంది?" అని మా ఆయన్ని అడిగింది.

"రెండో మెట్టు. వెన్న! ఇలాంటి రోజు ఈ ఏడాదికి మళ్ళీ రాదు."

డొరోటా నా వైపు తిరిగింది. నేను టీ పోస్తున్నాను. "పిన్నీ, నువ్వేమంటావ్?"

"మీ పిన్నిని సూపు గురించి అడుగు, చెబుతుంది. మంచు గురించైతే నన్నడుగు" అన్నాడు మా ఆయన. బల్ల అంతా నవ్వారు. నేనూ నవ్వాను.

ఎందుకు నవ్వానో చెప్పాలి. రెండేళ్ళ కిందట ఇలాగే అతిథుల ముందు "వద్దు, ఇవాళ ఎక్కకండి" అని నోరు జారాను. తొమ్మిదిమంది మూటలు సర్దుకుని దిగిపోయారు. ఆ రోజు ఆ వాలు కదల్లేదు. మా ఆయన పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. మా అత్తయ్య లోయలోంచి పనిగట్టుకుని ఎక్కి వచ్చి, నా కూర నోట్లో పెట్టుకుంటూ, "మగాడి మాట మీద మాట వేసే ఇంట్లో పొయ్యి ఎక్కువకాలం వెలగదమ్మాయ్" అంది. తిట్టినా బాగుండేది. ఆ పదకొండు రోజుల మౌనం నా ఒంట్లో ఎక్కడో ఉండిపోయింది. డొరోటా అడిగినప్పుడు నా నాలుక చివరిదాకా వచ్చిన మాటని అది వెనక్కి లాగేసింది. "ఫ్లాస్కు ఇటివ్వమ్మా, టీ నింపుతాను. నిమ్మకాయ పిండనా?" అన్నాను. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత ఫ్లాస్కు ఇచ్చింది. నలుగురూ స్కీలు తీసుకుని ఉత్తరపు లోయ వైపు వెళ్ళారు.

పదకొండు గంటలు దాటాక ఉత్తరపు లోయలోంచి చప్పుడు వచ్చింది. మరీ పెద్దది కూడా కాదు. బయట బల్లల మీద ఎండలో కూర్చున్నవాళ్ళు మాటలు ఆపేశారు. అందరికన్నా ముందు పరుగెత్తింది మా ఆయనే, ఆ మాట దాచను. మోకాలు సంగతి మరిచిపోయి, పార విరిగితే చేతులతో తవ్వి, గోళ్ళు చీరుకుని తవ్వాడు. ముగ్గురు బతికారు. డొరోటా మీద రెండు మీటర్ల మంచు ఉంది. బయటికి తీసేసరికి పెదవులు నల్లబడ్డాయి. ఆమె సంచీలోంచి ఫ్లాస్కు జారిపడితే నేనే అందుకున్నాను. లోపల టీ ఇంకా వేడిగానే ఉంది. మా ఆయన అక్కడే మోకాళ్ళ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు.

బతికినవాళ్ళకి వేడినీళ్ళు కాయడానికి వంటింట్లోకి వచ్చేసరికి గేజా ఉన్నాడు. కర్రచట్రం దింపి, చెమట తుడుచుకుంటున్నాడు.

"దారిలో హెలికాప్టర్ చూశాను. ఎవరికేమైంది వదినా?" అన్నాడు. నేను నీళ్ళగిన్నె అందుకుని పొయ్యి వైపు తిరిగేసరికి బస్తా మీద చెయ్యేసి, "ఇదిగో నీ చక్కెర. నలభై కిలోలు. డబ్బా అడుగంటిందని రేడియోలో ఒకటే గోల పెట్టావంటగా, ఇమ్రిఖ్ ఇవాళే పట్టుకెళ్ళమన్నాడు. ఇంత చక్కెరేం చేసుకుంటావమ్మా, పెళ్ళేమైనా ఉందా?" అన్నాడు.

నేను గిన్నె కింద పెట్టి ఆ బస్తా ముట్టుకుని చూశాను. అడుగున, చక్కెర, నలభై. ఒక్క మాట కూడా పోలేదు. అన్నీ క్షేమంగానే లోయకి చేరాయి. చెప్పింది ఆడది కాబట్టి మంచు కాస్తా సరుకైంది, అంతే. మా ఆయన గొంతుతో వెళ్ళి ఉంటే డొరోటా ఆ రోజు బసలో కూర్చుని, విసుక్కుంటూ చీట్లాడుతూ ఉండేది.

ఆ సాయంత్రమే మా ఆయనకి చెప్పాను. ఆయన లేచి గది తలుపు మూశాడు. "ఇది బయటికి రాకూడదు" అన్నాడు. "ఇమ్రిఖ్‌కి ఉద్యోగం పోతుంది. నువ్వు కొలుస్తున్నావని తెలిస్తే నా పత్రం పోతుంది, బస లాక్కుంటారు. ఎవరూ కావాలని చెయ్యలేదే. పోయిన పిల్ల తిరిగొస్తుందా?"

విచారణకి ముగ్గురు వచ్చారు. మా ఆయన వాంగ్మూలం తీసుకున్నారు. హెచ్చరించామని, కుర్రకారు వినలేదని చెప్పాడు. బతికిన ముగ్గురూ ఆస్పత్రి మంచాల మీదనుంచి "బాబాయి ఏదో అన్నాడు, సరిగ్గా గుర్తులేదు" అన్నారట. పేపర్లో "హెచ్చరికలు పెడచెవిన పెట్టి ప్రాణం పోగొట్టుకున్న డాక్టరు" అని రాశారు. విచారణకి వచ్చినవాళ్ళకి నేను కాఫీ ఇచ్చాను. నివేదికలో నా గురించి ఒక వాక్యం ఉంది: ఘటన సమయంలో బస నిర్వాహకుడి భార్య వంటింట్లో ఉన్నారు. ఆ వాక్యం నిజమే. దాన్ని పట్టుకునే మూడు నెలలు బతికాను. పొద్దున్నే లేచాను, గొయ్యి తవ్వాను, గడి నింపాను, ఏడింటికి రేడియో దగ్గర మా ఆయన్ని కూర్చోబెట్టి పక్కనుంచి అందించాను. ఇప్పుడాయన బుద్ధిగా చెబుతున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

మే నెలలో డొరోటా తల్లి వచ్చింది. హెర్మీనా అని, కుట్టుపని చేసి కూతుర్ని చదివించిన మనిషి. డెబ్భై దగ్గర పడుతున్న ఆవిడ, గేజా చెయ్యి పట్టుకుని ఐదు గంటలు ఎక్కింది. కూతురు చివరిసారి కూర్చున్న కుర్చీ ఏదని అడిగి అందులో కూర్చుంది. మా ఆయన ఎదురుగా కూర్చున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఒక్కటే అడగాలని వచ్చాను బాబూ" అంది. "నా బిడ్డకి ఎవరైనా చెప్పారా?"

"చెప్పామమ్మా" అన్నాడు మా ఆయన, తల దించుకుని. "వయసు వేడి. వినలేదు."

ఆవిడ తలూపింది. ఏడవలేదు. "చిన్నప్పుడూ అంతే. మొండిది. వాళ్ళ నాన్న చెప్పినా వినేది కాదు" అంది. "మూడు నెలలనుంచీ ఫొటో ముందు కూర్చుని రోజూ దాన్ని తిడుతున్నాను బాబూ. పెద్దవాళ్ళ మాట ఎందుకు వినలేదే, నన్నెందుకు ఇలా చేశావే అని తిడుతున్నాను. ముద్దు చేసి చెడగొట్టానేమో. తప్పు నాదేనేమో. కొందరలాగే అంటున్నారు."

చచ్చిపోయిన పిల్ల తన తల్లి చేత రోజూ తిట్లు తింటోంది. అది కూడా మా కోసం. నోరు తెరిస్తే ఏం పోతుందో నాకు బాగా తెలుసు. పత్రం పోతుంది, బస పోతుంది, నన్ను వదినా అని పిలిచే ఆ మంచివాడి బతుకు పోతుంది. నలభై ఆరేళ్ళ వయసులో ఒక పెట్టెతో దిగి మా చెల్లెలి ఇంటికి పోవాలి. మా ఆయన ఈసారి పదకొండు రోజులు కాదు, ఇంక జన్మంతా మాట్లాడడు. ఇవన్నీ అనుకుంటూనే నేను గుమ్మం దాటాను. నా చేతుల్లో టీ లేదు, పళ్ళెం లేదు. ఉత్త చేతులతో భోజనాల గదిలోకి నేను రావడం ఎప్పుడూ చూడలేదేమో, మా ఆయన తలెత్తి, "బ్లజేనా, లోపలికెళ్ళు" అన్నాడు.

నేను ఆవిడ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"దాన్ని తిట్టకండమ్మా" అన్నాను. "మీ అమ్మాయి అడిగింది. నన్నే అడిగింది."