తర్లో వారి పార

మా తర్లో వంశానికి మూలపురుషుడు ఆంబ్రోస్. ఇంగ్లండు నుంచి వర్జీనియాకు తొలి ఓడల్లో వచ్చి పొగాకు పండించాడు. ఆయన పార మా పొయ్యిగోడ మీద వేలాడుతుంది. పుట్టిన ప్రతి బిడ్డ చేతా దాన్ని తాకిస్తాం. వెంట తెచ్చుకున్న పాలేరు జెర్విస్ మాత్రం పారిపోయాడట.

ఈ వేసవిలో ఆంబ్రోస్ పాత ఇంటి నేలమాళిగ తవ్విస్తే ఎముకలగూడు బయటపడింది. పుర్రె వెనక నిలువునా చీలి ఉంది. మోకాళ్లు విరగ్గొట్టి, గుంటలో కుక్కి, పైన చెత్త పోశారు.

"జెర్విస్ వెధవ పారిపోలేదన్నమాట! తాత తిక్క కుదిర్చాడు," అని లవీనియా అత్త పకపకా నవ్వింది.

నాకు ఒళ్లు మండింది. "మనిషిని నరికితే గొప్పా, అత్తా?"

"ఆ చేవే లేకపోతే నువ్వెక్కడ పుట్టేదానివే?"

పరీక్ష చేయిస్తే, ఆ ఎముకల డీఎన్ఏ ఇంగ్లండులో ఉన్న తర్లోలతో కలిసింది. మాతో కలవలేదు.

పార దించి పుర్రె చీలికలో పెట్టి చూశాను. అతికినట్టు సరిపోయింది.

"చచ్చింది ఆంబ్రోస్, అత్తా. చంపి, పొలమూ పేరూ మింగినవాడు జెర్విస్. మన తాత వాడే."

అత్త ఒళ్లోని పసి మనవడు అలవాటుగా పార వైపు చెయ్యి చాచాడు. అత్త ఆ చేతిని చెళ్లున కొట్టింది.