ప్రవీణకు వచ్చింది కోపం కాదు

ప్రవీణ తొమ్మిదో తరగతి. ఝరాసంగం బడి ఖోఖో జట్టులో ఆమెలా ఉరికే పిల్ల లేదు. అలాంటిది దసరా తర్వాత ఆట మానేసింది. కడుపునొప్పని బడికీ పోవడం లేదు. పలకరిస్తే చాలు, కసురుకునేది. ఒకరోజు తల్లి శోభారాణి అన్నం పెడితే కంచం విసిరికొట్టింది.

స్కానింగ్‌లో ఏమీ లేదన్నారు. రక్తపరీక్షలూ బాగానే వచ్చాయి.

"నఖరాలు చేస్తుంది. రెండు తగిలిస్తే సక్కగైతది" అన్నాడు తండ్రి రాజేశ్వర్. నాయనమ్మ నారమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది.

శోభారాణికి ఏదీ నమ్మబుద్ధి కాలేదు. కంచం విసిరిన రోజే పిల్ల పెరట్లో ముఖం కడుక్కుంటూ వెక్కివెక్కి ఏడవడం ఆమె చూసింది. పొగరైతే అలా ఏడుస్తుందా? జహీరాబాద్‌లో మానసిక వైద్యురాలు ఉందని తెలుసుకుని బయలుదేరింది.

"పిచ్చి డాక్టర్ కాడికా? నలుగురికి తెలిస్తే ఇజ్జత్ పోదా?" రాజేశ్వర్ అడ్డుపడ్డాడు.

"ఇజ్జత్ ముచ్చట తర్వాత. నా బిడ్డకు ఏమైందో నాకు తెల్వాలె."

కూతురి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది.

డాక్టర్ మానస తల్లిని నిద్ర గురించి, తిండి గురించి అడిగి బయట కూర్చోమంది. లోపల ప్రవీణను దగ్గర కూర్చోబెట్టుకుని అడిగింది.

"బతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా, తల్లీ?"

అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు.

"అనిపిస్తది మేడం. అమ్మ మీద ఎందుకు అరుస్తనో నాకే తెల్వది."

"నిన్ను కాపాడుకోవాలంటే అమ్మకు ఇది తెలియాలి. చెప్పనా?"

ప్రవీణ తలూపింది.

"ఇది డిప్రెషన్ అమ్మా," అంది డాక్టర్ శోభారాణితో. "ఈ వయసులో దిగులు చాలాసార్లు కోపంగా, నొప్పిగా బయటపడుతుంది. నయమవుతుంది. వారం వారం తీసుకురండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు ఉంటే ఇవాళే తీసేయండి."

శోభారాణి ఇల్లు చేరగానే పత్తిచేను మందు డబ్బాలన్నీ మరిది ఇంటికి చేర్చి, తన ఎదుటే తాళం వేయించింది. అప్పుడు భర్త ముందు నిలబడింది.

"సావాలనిపిస్తుందట నీ బిడ్డకు. ఇంకా నఖరాలేనంటవా?"

రాజేశ్వర్ అరుగు మీద కూలబడ్డాడు. మరుసటి వారం అతనూ ఆటో ఎక్కాడు.

ప్రవీణ ఒక్కసారిగా మారిపోలేదు. కొన్నాళ్లు మంచం దిగేది కాదు. శోభారాణి మాత్రం ఒక్క వారం కూడా తప్పనివ్వలేదు. చలి తగ్గే వేళకు పిల్లకు నిద్ర పట్టసాగింది. ఒకనాడు దవాఖాన ముందు ఆటో దిగి, "ఈ వారం ఎట్లుంటినో మేడంకు నేనే చెప్త" అంటూ అమ్మానాన్నల కంటే ముందు నడిచింది.