విత్తనాల డ్రమ్ము

చెన్నమ్మ నిండిన బిందెను నడుముకెత్తుకుని, ఖాళీ బిందెను కొళాయి కిందికి కాలితో జరిపింది. నాలుగు రోజులకొకసారి, అదీ తెల్లవారుజామున గంటసేపే వచ్చే నీళ్ళు. ఇంట్లోంచి కూతురు కృప వచ్చి గడపలో నిలబడింది. తలస్నానం చేసిన జుట్టు ఇంకా ఆరలేదు.

"మా, పెట్టెలో కవరు లేదు. నా సర్టిఫికెట్ల కవరు. యాడన్నా తీసిపెట్టినావా?"

"పెట్టెకు చెదలు పడతాండాయని నేనే తీసి విత్తనాల డ్రమ్ములో..."

అంతవరకు అని చెన్నమ్మ ఆగిపోయింది. కొళాయి కింద బిందె నిండి నీళ్ళు వీధిలోకి పారుతున్నాయి. పక్కింటి రామాంజినమ్మ తన బిందెతో వరుసలోనే ఉంది. "ఏం చెన్నమ్మా, వీధికి కళ్ళాపి చల్లుతాండావా?" అని ఎగతాళి చేసింది. చెన్నమ్మ చెవికది ఎక్కలేదు. డ్రమ్ము నిన్న మధ్యాహ్నమే పోయింది.

ఆ మెట్టనేలల్లో వాన ఒక చేను తడిపి పక్క చేను వదిలేస్తుంది. బత్తలపల్లె రోడ్డుకు ఇటు తడిస్తే అటు దుమ్ము లేస్తుంటుంది. అందుకే నేలలో విత్తేంత తడి, పదును, ఎక్కడుంటే విత్తనం అక్కడికి పోతుంది. అక్కాతమ్ముళ్ళ మధ్య అది అడగాల్సిన పని కూడా కాదు. ఆగస్టు వచ్చినా చెన్నమ్మ రెండెకరాలు తడవలేదు. వజ్రకరూరు పక్కన తమ్ముడు సుంకన్న చేను తడిసింది. నిన్న అతను ఫోన్ చేసినప్పుడు ఆమె చీనీ బత్తాయి తోటలో కూలి పనిలో ఉంది. తాళంచెవి ఎక్కడుందో చెప్పి, డ్రమ్ము ఎత్తుకుపొమ్మంది. మనవాళ్ళ చేను ఒకటైనా తడిసిందన్న సంతోషంలో మరేదీ గుర్తు రాలేదు.

వేపాకు పరిచి, శనక్కాయలు పోసి, మూత బిగించిన డ్రమ్ము అది. ఎలుక దూరదు, పురుగు చేరదు. వాన పడేదాకా ఆ మూత ఎవరూ తియ్యరు. నెల కిందట కవరు అందులో పెట్టినప్పుడు ఇంట్లో ఇంతకన్నా భద్రమైన చోటు లేదనుకుంది. కూతురికి చెప్పడమే మరిచిపోయింది.

కృపకు ఇంటర్లో లెక్కలు పోయాయి. సప్లిమెంటరీలో పాసయ్యేసరికి డిగ్రీ కౌన్సెలింగ్ దాటిపోయింది. మిగిలిపోయిన సీట్లకు అనంతపురం కాలేజీలో ఈరోజు స్పాట్ అడ్మిషన్లని నిన్న సాయంత్రం మెసేజ్ వచ్చింది. వచ్చినవాళ్ళను మార్కుల వరుసలో పిలుస్తారు. ఒరిజినల్స్ చేతిలో ఉండాలి. బెంగళూరులో కట్టడం పనిలో ఉన్న నాయన ఆదెప్పకు కృప ముందే మాట ఇచ్చింది. ఈసారి సీటు రాకపోతే చదువు మాట ఎత్తదు, మోకాళ్ళ నొప్పులతో ఈడుస్తున్న అమ్మ బదులు తోటకు తనే పోతుంది.

అమ్మను ఏమీ అనకుండా, జిరాక్సులు పట్టుకుని కృప మొదటి బస్సెక్కింది. మామ వెనకాలే తెస్తున్నాడని అక్కడి సార్లను అడుక్కుంటానంది.

చెన్నమ్మ ఆ రోజు కూలికి పోలేదు. ఫోను పట్టుకుని అరుగు మీదే కూర్చుంది. సుంకన్న తెల్లవారకముందే విత్తడానికి గొర్రు కట్టాడు. అతని ఫోను చొక్కా జేబులో ఉంది, చొక్కా గట్టు మీది కంపకు తగిలించి ఉంది. నలభైసార్లు మోగాక, మధ్యాహ్నం సంగటి తినడానికి గట్టెక్కినప్పుడు ఎత్తాడు.

"ఏమక్కా, అప్పుడే విత్తనం వాపసు అడుగుతాండావా?" అని నవ్వాడు.

ఆమె చెప్పింది. అవతల నవ్వు ఆగిపోయింది.

"ఆ కవరా? చేను కాయితాలనుకుంటి కదక్కా. డ్రమ్ముతో పాటే తెచ్చిద్దామని మళ్ళా దాంట్లోనే పెడితి."

సాలు మధ్యలో గొర్రు వదిలి, కాళ్ళకు మట్టితోనే కవరు పట్టుకుని అతను అనంతపురం బస్సెక్కాడు.

పొద్దు గుంకుతుండగా మామా మేనకోడలూ కలిసి ఇంటికొచ్చారు. కృప నేరుగా లోపలికి పోయింది. ఏం జరిగిందో సుంకన్నే చెప్పాడు. కృప పేరు పిలిచినప్పుడు తను కోరుకున్న కోర్సులో ఒక్క సీటే ఉందట. సార్ మూడింటిదాకా ఆగి, మళ్ళీ నాలుగింటిదాకా ఆగి, జాబితా మూసే వేళకు తరువాతి పేరు పిలిచాడట. విడపనకల్లు పిల్ల ఎవరో, కవరు ఎదకు హత్తుకుని పోయి సంతకం పెట్టిందట. బయటికొచ్చి కృపను చూసి ఆ పిల్ల కూడా ఏడ్చిందట. సుంకన్న కాలేజీ గేటు దగ్గర దిగేసరికి నాలుగున్నర. తప్పు తనదేనని అతను రెండుసార్లు అన్నాడు. పదును ఆరిపోతుందని ఆ బస్సుకే వెనక్కి పోయాడు.

చెన్నమ్మ లోపలికి వెళ్ళింది. కృప కాగితాలన్నీ చాప మీద పరిచి, వాటికంటిన వేపాకు పొడిని పైట చెంగుతో తుడుస్తోంది. ఒక్కదానికీ మడత లేదు, మరక లేదు.

"నన్ను ఒక మాట అను కృపా. తిట్టు."

కృప ఇంకో కాగితం అందుకుని తుడిచింది.

"పొద్దున్నుంచి ఏమన్నా తింటివా మా?" అని మాత్రం అడిగింది.

ఇద్దరికీ అన్నం పెట్టుకొచ్చి, తను కూడా తిన్నది. కూతురు తింటుంటే చెన్నమ్మ అన్నం కలుపుతూనే ఉండిపోయింది. కూతురు తిట్టి ఉంటే తను ఏడ్చి ఉండేది. ఆ దారి కూడా లేకపోయింది.

తెల్లవారి లేచేసరికి పొయ్యి మీద సంగటి ఉడుకుతోంది. కృప లంగా ఓణీ మీద నాయన పాత చొక్కా తొడుక్కుంది. చీనీ ముళ్ళు గీరకుండా చెన్నమ్మ రోజూ వేసుకునే చొక్కా అది. చేతులు పొడవై వేళ్ళ దాకా వస్తున్నాయి, మడిచి గుండీ పెట్టుకుంటోంది. కవరు మళ్ళీ పెట్టెలోకి చేరింది.

వీధి మలుపులో కూలి ఆటో హారన్ మోగింది. చెన్నమ్మ క్యారియర్ కోసం చెయ్యి చాపింది. కృప అంతకన్నా ముందే దాన్ని అందుకుంది. తువ్వాలు తలకు చుట్టుకుని, అమ్మ చెప్పులు వేసుకుని గడప దాటింది.