ముట్టి వెళ్ళండి

పదకొండు గంటలకే ప్లైవుడ్ మిల్లు పొర చెక్కల షెడ్డులో ఊపిరాడటం లేదు. ఒక పక్క ఆరబెట్టే యంత్రం వేడి, ఇంకో పక్క బంక తొట్ల ఘాటు. జలేహా చీలిన పొరకు టేపు అంటిస్తోంది. ఆ పొర కాగితం కంటే కాస్త మందం, అంతే. చెయ్యి వణికితే చీలుతుంది, చీలితే కూలిలో కోత. పదమూడేళ్ళుగా ఆమె చెయ్యి వణకలేదు. ఇవాళ పొద్దుటి నుంచి మూడు పొరలు చీలాయి.

పొద్దున్నే గేటు దగ్గర కాపలావాడు ఆమె క్యారేజీ లాక్కున్నాడు. ఎందుకని అడిగితే, "పైనుంచి ఆర్డరు" అన్నాడు. ఆ పై ఎవరో అందరికీ తెలుసు.

మేస్త్రీ బుజాంగ్ వరసల మధ్య నుంచి వచ్చి ఆమె బల్ల పక్కన నిలబడ్డాడు. అతనిదీ జలేహా ఊరే, వరసకు చిన్నాన్న. ఆమె ముఖంలోకి చూడకుండా చెక్క వైపు చూస్తూ మాట్లాడాడు.

"ఆఫీసులోకి రమ్మంటున్నారమ్మా."

"క్యారేజీ గురించేనా బాబాయ్?"

"వచ్చి విను."

ఎదురు బల్ల దగ్గర నుంచి ముర్నీ తలెత్తి చూసింది. ఆమెకు ఏడో నెల. "నేనూ రానా అక్కా?" అంది. జలేహా వద్దన్నట్టు తల ఊపి, వేళ్ళకంటిన బంక గీక్కుంటూ లేచింది.

ఆ క్యారేజీలో ఉన్నది ఆకుల జావ. అంతకుమించి ఏమీ లేదు. ఆదివారం నాడు జలేహా బియ్యం, కొబ్బరి ఎర్రగా వేయించి దంచి, వారానికి సరిపడా డబ్బాలో పోసి పెడుతుంది. తెల్లారి గిన్నెడు నీళ్ళు మరిగించి, నాలుగు గుప్పెళ్ళ పొడి వేసి, ఆకులు తుంచి పడేస్తే అరగంటలో జావ తయారు. ఆకులు ఒకరివి కావు. ముర్నీ తూటికూర తెస్తుంది, ఒకామె కాలవ గట్టున చిగుళ్ళు కోసుకొస్తుంది, ఒకామె అలసంద కాయలు, ఇంకొకామె చిలగడదుంప. వేయించిన నెత్తళ్ళ ఎండుచేపలు ఎవరి వంతు వస్తే వాళ్ళవి. ముందురోజు సాయంత్రం పడవ దిగేటప్పుడే అన్నీ జలేహా సంచిలో పడతాయి. పొద్దున ఐదున్నరకు పడవ ఎక్కాల్సిన ఆడవాళ్ళు ఎనిమిది మంది ఇలా ఒక్క పొయ్యి మీద బతుకుతున్నారు. మనిషికి పూటకు నాలుగు వేల రూపియా కూడా పడదు, మా దగ్గర అది ఒక టీ ఖరీదు.

మిల్లు క్యాంటీను మూడు నెలల కిందట పెట్టారు. తిన్నా తినకపోయినా రోజు కూలిలో పదిహేను వేలు కోత. పెట్టేది పొట్లాం నూడుల్సు, నూనెలో మునిగిన కోడి రెక్క, పైన ఎర్రరంగు తీపి నీళ్ళు. క్యాంటీను యజమాని సిబ్బంది వ్యవహారాలు చూసే మేనేజరు సుదర్యోకి స్వయానా బావమరిది. ముర్నీ ఒక వారం ఆ తిండి తిని కళ్ళు తిరిగి పడిపోయింది. ఒంట్లో రక్తం లేదు, ఆకుకూరలు తినమని మంత్రసాని తిట్టింది. ఆ మర్నాటి నుంచి ముర్నీ కూడా జావ గిన్నె దగ్గరే కూర్చుంటోంది.

మొన్న సోమవారం క్యాంటీను కోడి తిన్న ముప్పై ఒక్కమందికి సాయంత్రానికల్లా వాంతులు, విరేచనాలు. శనివారం కొన్న కోడి అది. ఆదివారమంతా కరెంటు లేదు. వంటవాళ్ళకు తెలుసు, కాపలావాళ్ళకు తెలుసు, కుక్కలకు కూడా తెలుసు, అవి ముట్టలేదు. రేపు కార్మిక శాఖ వాళ్ళు విచారణకు వస్తున్నారు. ఆలోపు ఎవరో ఒకరి మెడ దొరకాలి.

సుదర్యో బల్ల మీద జలేహా క్యారేజీ ఉంది. పక్కన టైపు చేసిన కాగితం. ఆయన కూర్చోమనలేదు.

"చదవడం వచ్చా?"

"వచ్చండి."

ఇంటి నుంచి తెచ్చిన అశుభ్రమైన ఆహారం తోటివాళ్ళకు పంచి వాళ్ళ అనారోగ్యానికి కారణమయ్యానని, ఇకపై మిల్లులోకి ఇంటి తిండి ఎవరూ తేకూడదన్న నిబంధన న్యాయమైనదేనని ఆమె ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. కింద ఆమె పేరు. దాని కింద సాక్షి పేరు, బుజాంగ్. జలేహా రెండుసార్లు చదివింది.

"నా జావ వల్ల ఎవరికీ ఏమీ కాలేదండి."

"ముప్పై ఒక్కమందినీ అడిగాం. సోమవారం నీ జావ ముట్టామని అందరూ చెప్పారు. పన్నెండు మంది వేలిముద్రలు కూడా వేశారు. అబద్ధమా?"

అబద్ధం కాదు. సోమవారం జలేహా షెడ్డు వాకిట్లో కూర్చుని గిన్నె తెరిచింది. క్యాంటీనుకు వెళ్ళే దారి అదే. తిండి ముందు పెట్టుకుని, ఎదురుగా పోయే మనిషిని "రా, తిందాం" అనకుండా ఎలా ఉంటుంది? అన్నాక, ఆకలి లేకపోయినా, తొందరలో ఉన్నా, వేలు ముంచి నాలుకకు రాసుకోకుండా అవతలి మనిషి ఎలా పోతాడు? పెట్టింది ముట్టకుండా పోయినవాడి కోసం దారిలో పామో, మొసలో, లారీయో కాచుకుని ఉంటుంది. మా నది ఒడ్డున పుట్టినవాళ్ళకు తల్లిపాలతో పాటే ఈ భయం పోస్తారు. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఆ భయం వల్లనే ఇక్కడ ఆకలిగా ఉన్నవాడిని ఎవరూ దాటిపోరు. ఆ మంచి అలవాటునే సుదర్యో తాడుగా పేని ఆమె మెడకు వేస్తున్నాడు.

"ముట్టారండి. వేలితో. గిన్నెలకు గిన్నెలు తిన్నవాళ్ళం మేం ఎనిమిది మందిమి ఉన్నాం. మాకేం కాలేదే? మేం కోడి తినలేదు, అందుకు."

సుదర్యో నవ్వాడు. "మీ కడుపులకు మురికి అలవాటు."

జలేహాకు ఏడుపు రాలేదు, మంట పుట్టింది. తలుపు దగ్గర నిలబడ్డ బుజాంగ్ వైపు తిరిగింది.

"బాబాయ్, నువ్వూ ముట్టావుగా సోమవారం. ఇంటి నుంచి తెచ్చుకున్నావు కాబట్టి క్యాంటీనుకు పోలేదు. నీకు వాంతి అయిందా? చెప్పు."

బుజాంగ్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అతని చూపు తిరిగే ఫ్యాను మీద ఉంది. మేస్త్రీ పని వచ్చి ఇంకా ఏడాది కాలేదు.

"మరి ఇవాళ్టి జావ పరీక్షకు పంపుతారా అండీ? అందుకేనా లాక్కున్నారు?" అని అడిగింది జలేహా.

"దానికి పరీక్ష ఒకటా? కాలవలో పోయిస్తాను." సుదర్యో పెన్ను ఆమె వైపు దొర్లించాడు. "చూడు, నేను చెడ్డవాణ్ణి కాను. సంతకం పెట్టు, ఒక హెచ్చరికతో వదిలేస్తాను. పెట్టకపోతే ఇవాళే బయటికి. ఈ ఒడ్డున ఇంకే మిల్లూ నిన్ను గుమ్మం ఎక్కనివ్వదు. ఇంట్లో మొగుడు రోగిష్టి అట కదా."

మొగుడు రోగిష్టే. ఊపిరితిత్తులు ఈ మిల్లు బంక తొట్లకే ఇచ్చి, ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జలేహా పెన్ను వైపు చూసింది. ఒక్క సంతకం, పని నిలుస్తుంది. రేపటి నుంచి ముర్నీ నూడుల్సు గిన్నె ముందు కూర్చుంటుంది. ఎందుకు కూర్చోవాలని ఎవరైనా అడిగితే, ఇదిగో మీ జలేహాయే ఒప్పుకుందని ఈ కాగితం చూపిస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కుళ్ళిన కోడిని వదిలేసి జావను నిందించారు. ఆ నింద కింద తన చేత్తోనే తన పేరు రాయమంటున్నారు.

"పెట్టనండి."

"ఏమన్నావు?"

"సంతకం పెట్టనన్నాను. నా వంట మురికిది కాదు. కడుపుతో ఉన్న పిల్ల తింటోంది దాన్ని."

సుదర్యో ముఖంలో నవ్వు పోయింది. "బుజాంగ్, దీన్ని గేటు దాటించు. వెంటనే వచ్చి సాక్షి సంతకం చెయ్. ఇది పెట్టకపోయినా నువ్వు పెడితే చాలు. ఆ చెత్త కూడా తీసుకుపొమ్మను."

జలేహా క్యారేజీ అందుకుంది. అడుగు గిన్నె ఇంకా గోరువెచ్చగా ఉంది.

వాళ్ళు ఆఫీసు మెట్లు దిగుతుండగా మధ్యాహ్నం కూత మోగింది. షెడ్లలోంచి జనం బయటికి వచ్చారు. క్యాంటీనుకు పోవాలంటే ఆ మెట్ల ముందు నుంచే పోవాలి. జలేహా గేటు వైపు పోలేదు. ఆఖరి మెట్టు మీద కూర్చుని క్యారేజీ మూత తీసింది.

"ఇక్కడొద్దు. లేమ్మా, నా కొంప ముంచకు" అన్నాడు బుజాంగ్.

"అన్నం వేళైంది బాబాయ్. ఆకలేస్తోంది."

ముర్నీ పొట్ట పట్టుకుని గబగబా వచ్చింది. ఏమైందని అడగలేదు. మెట్టు మీద చతికిలబడి చెంచా తీసింది. మిగతావాళ్ళూ చేరారు. అటుగా వస్తున్న కొందరు దూరం నుంచే చూసి, పిలుపు వినబడేలోపు షెడ్డు వెనక నుంచి చుట్టు తిరిగి పోయారు. పిలిస్తే ముట్టాలి కదా.

రుమ్సియా చూసుకోలేదు. తల వంచుకుని నడుస్తూ సరిగ్గా మెట్ల ముందుకు వచ్చింది. సోమవారం అందరికంటే ఎక్కువ వాంతులు చేసుకున్నది ఆమే. ఆ పన్నెండు వేలిముద్రల్లో మొదటిది కూడా ఆమెదే.

"రుమ్సియా, రా, తిందాం" అంది జలేహా.

రుమ్సియా ఆగిపోయింది. ఆమె వెనక వస్తున్నవాళ్ళూ ఆగారు.

"అక్కా, నేను ముద్ర వేశాను."

"తెలుసు."

"వెయ్యకపోతే మూడు రోజుల సెలవు జీతం ఇవ్వం అన్నారు."

"అదీ తెలుసు. నేను నిన్ను తిట్టానా? తిందాం రమ్మన్నాను. ఆకలి లేకపోతే ముట్టి వెళ్ళు."

"ముడితే ఆ ముద్ర అబద్ధమని నేనే చెప్పినట్టు అవుద్ది."

"అవుద్ది" అంది ముర్నీ, చెంచా నోట్లోంచి తీసి. "ముట్టకుండా పోతావా మరి? సాయంత్రం పడవ ఎక్కవా నువ్వు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. రుమ్సియా నవ్వలేదు. క్యాంటీను గుమ్మంలో వంటవాడు గరిటెతో గిన్నె మీద కొడుతున్నాడు. ఆమె అటు చూసింది, జావ గిన్నెలోకి చూసింది. వంగి, చూపుడువేలు ముంచి నాలుకకు రాసుకుంది. "నెత్తళ్ళు ఎవరివి ఇవాళ?" అంది.

"నావి. కూర్చో" అంది ముర్నీ.

రుమ్సియా కూర్చుంది. ఆమె వెనక ఆగిన వాళ్ళలో ఒకతను ముందుకు వచ్చి వేలు ముంచాడు. తర్వాత ఇంకొకామె. అందరూ రాలేదు. కొందరు తప్పుకుని పోయారు. పోయినవాళ్ళు చేతులు జేబుల్లో పెట్టుకుని పోయారు.

పైన కిటికీ తెరుచుకుంది. సుదర్యో కాగితం, పెన్ను పట్టుకుని ఉన్నాడు.

"బుజాంగ్, ఏం చేస్తున్నావక్కడ? ఇలా వచ్చి సంతకం పెట్టు."

బుజాంగ్ మెట్టు మీద కాలు వేశాడు.

"బాబాయ్, రా, తిందాం" అంది జలేహా.

ఆమె గొంతులో బతిమాలడం లేదు. దారిన పోయే ఎవరినైనా పిలిచినట్టే పిలిచింది. బుజాంగ్ రెండో మెట్టు ఎక్కలేదు. అతనూ సాయంత్రం ఆ పడవే ఎక్కాలి, అతనూ ఆ ఊరే పోవాలి. అందరూ అతని చేతుల వైపే చూస్తున్నారు. అతను వెనక్కి తిరిగి వంగాడు. ఒక్క వేలు కాదు, అరచెయ్యంతా జావలో ముంచి తీసి, వేళ్ళ కొసలు నోట్లో పెట్టుకున్నాడు.

"బుజాంగ్!"

"వత్తన్నానండి" అంటూ బుజాంగ్ కిటికీ కిందకు వెళ్ళాడు. సుదర్యో పెన్ను కిందకు చాపాడు. బుజాంగ్ దాన్ని అందుకోలేదు. కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. వేళ్ళ సందుల్లోంచి జావ మోచేతి దాకా కారుతోంది.

"చేతికి జావ అంటిందండి. కాగితం పాడైపోద్ది."

"తుడుచుకో."

బుజాంగ్ మెడ చుట్టూ ఎప్పుడూ ఉండే తువ్వాలు ఇప్పుడూ ఉంది. అతను చెయ్యి దించలేదు, తువ్వాలు ముట్టుకోలేదు.